రాణికి తగిలిన చోటు

ట్యూటరమ్మ బల్ల మీద ఒక ఎముక పెట్టి, శిక్షణకు వచ్చినవాళ్ళలో ఒకామెను లేపి, ఇది ఏ వైపుదో చెప్పమంది.

అరచెయ్యంత వెడల్పు, మూడు మూలలు, వెనక వైపు గట్టులా లేచిన అంచు. రెక్క ఎముక. స్కాపులా అని పేరు చెప్పడానికి ఆమె తడుముకోలేదు. వైపు దగ్గరే వచ్చింది చిక్కు. ఎముకను రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఎదురుగా ఎవరో పడుకుని ఉన్నట్టు గాలిలో ఆనించి చూసి, కుడి అంది.

ఎలా చెప్పగలవని ట్యూటరమ్మ అడిగింది.

"సేనాపతి రాణిని గుర్రం ఎక్కించేటప్పుడు చెయ్యి వేసింది ఇక్కడేనండి. అప్పుడు రాణి కుడి పక్క..." అని, తను ఏమంటోందో తనకే వినబడి ఆగిపోయింది.

వెనక బెంచీలు నవ్వాయి. ముందు బెంచీలో ఇద్దరు పుస్తకాలు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. రాణిగారికి గుర్రం తెప్పించండి మేడమ్ అని ఎవరో అన్నారు. క్లాసులో ఆమెకు ఆ పేరు ఎప్పుడో స్థిరపడిపోయింది.

ట్యూటరమ్మ నవ్వలేదు. ఎముకను తీసుకుని, గట్టు వెనక్కీ, గుంట బయటికీ వచ్చేలా తన వీపుకే ఆనించి చూపించింది. అది ఎడమది.

"గురువారం బయటి ఆసుపత్రి నుంచి పరీక్ష చెయ్యడానికి వస్తున్నారు. ఆవిడ ముందు ఈ రాణి గోల మొదలుపెట్టావంటే నేను నిన్ను వెనకేసుకురాను. మళ్ళీ లాండ్రీకే పోతావు. చూసుకో" అంది.

లాండ్రీ అంటే ఆసుపత్రి వెనకున్న రేకుల షెడ్డు. దుప్పట్లు ఉడికే ఆవిరిలో పొద్దస్తమానం నిలబడాలి. మరకల మందుకి వేళ్ళ చివర్లు తెల్లగా పొరలు లేస్తాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళని ఏరి, నర్సులకు సాయంగా వార్డుల్లో పెట్టడానికి శిక్షణ ఇస్తున్నారు. కిందటిసారి ఆమె నోటిపరీక్షకే వెళ్ళలేకపోయింది. ఈసారి తప్పితే ఇంకో అవకాశం లేదని ముందే చెప్పారు.

ట్యూటరమ్మ మాటల్లో ఏదో అన్యాయం ఉందని ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆమెకు అనిపిస్తూనే ఉంది గానీ, అదేమిటో వేలు పెట్టి చూపలేకపోయింది. మిగతావాళ్ళు బట్టీపట్టి చెబుతారు. తను కథ పట్టుకుని చెబుతుంది. ఎలా చెప్పినా ఎముక పేరు మారదు కదా.

క్లాసులో రాణిగారైనా, ఇంట్లో ఆమె కోడలు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త దూరపు బస్సు డ్రైవరు. రెండురోజులు ఇంట్లో ఉంటే నాలుగురోజులు దారిలో ఉంటాడు. అందుకని ఇల్లంటే చాలావరకు అత్తాకోడళ్ళే.

అత్తగారికి చూపు మందగించింది గానీ నవలల మీద ఆశ మందగించలేదు. అద్దె పుస్తకాల షాపులో కోటలూ, కత్తులూ, వెన్నెల రాత్రులూ ఉన్న పుస్తకాలు ఏరించి తెప్పించుకునేది. సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుని, చెంగు సర్దుకుని మంచం మీద ఒత్తిగిలేది. కోడలు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, పుస్తకం దిండుకి ఆనించి చదువుతూ, కీళ్ళనొప్పుల నూనెతో అత్తగారి చెయ్యి మర్దనా చేసేది. పాఠ్యపుస్తకం పక్కన మూసి ఉండేది. అది తెరిస్తే ఇది ఆగాలి. ఇది ఆపితే అత్తగారు ఊరుకోదు.

కథలోనే ఎముకలు నేర్చుకునే పద్ధతి ఎవరూ కూర్చుని ఆలోచించింది కాదు. ఒక సాయంత్రం సేనాపతి మొదటిసారి రాణి మణికట్టు పట్టుకున్నప్పుడు, కోడలి వేళ్ళు కూడా అత్తగారి మణికట్టు మీదే ఉన్నాయి. ఇందులో ఎనిమిది ఎముకలున్నాయట అత్తయ్యా అంది. రాణి అంతఃపురం ముందు కూడా ఎనిమిది మంది కావలివాళ్ళని రాశాడు కదా అంది అత్తగారు. అంతే, ఆ ఎనిమిది పేర్లూ ఆ పూటకే వచ్చేశాయి. హారం తొడిగినచోట కాలర్ బోను. గాజులు తీసినచోట రేడియస్, అల్నా. నవల ఎక్కడిదాకా నడిస్తే పాఠం అక్కడిదాకా నడిచింది. అత్తగారికి కూడా పేర్లు పట్టుబడ్డాయి. హ్యూమరస్ అనే చేతి ఎముకను మాత్రం ఊమరస్సు అనేది.

"సేనాపతి మర్యాదస్తుడే. ఊమరస్సు దాటి పైకి రాలేదు" అని సర్టిఫికెట్టు ఇచ్చింది ఒకసారి.

సోమవారం క్లాసులో జరిగినది కోడలు ఏమీ దాచకుండా చెప్పింది. అత్తగారు నవ్వలేదు. ఆ ట్యూటరు ఎప్పుడైనా నవల చదివిన మొహమేనా అని మాత్రం అడిగి, బాణం తగిలిన పేజీ తియ్యమంది.

"మళ్ళీనా?"

"మళ్ళీనే. నిన్న నువ్వు తొందరగా చదివేశావు."

బాణం తగిలిన పేజీ కోడలికి దాదాపు కంఠతా వచ్చేసింది. యుద్ధం మధ్యలో రాణికి ఎడమ చెయ్యి కింద బాణం దిగుతుంది. సేనాపతి ఆమెను గుడారంలోకి మోసుకుపోతాడు. ఆమె సిగ్గుపడుతుంది. రాణీ, ప్రాణం ముందు సిగ్గేమిటి అని అతను రవిక చింపి, చంకలో వేళ్ళు పెట్టి వెతుకుతాడు. అక్కడికి ఆ అధ్యాయం అయిపోతుంది. తరవాత ఏమైందో చూద్దామంటే అత్తగారు ఒప్పుకోవడం లేదు. షాపువాడు పుస్తకం తిరిగిమ్మని కబురు కూడా చేశాడు.

దీనికి కారణం తనకు తెలుసనుకుంది కోడలు. ఆ గుడారంలోంచి మీరిక బయటికి రారా అత్తయ్యా అని ఆటపట్టించేది. ఈ వయసులో నాకెందుకే అని అత్తగారు అనేది గానీ, పేజీ తిప్పనిచ్చేది కాదు. వింటూ ప్రశ్నలు వేసేది. బాణం అక్కడ దిగితే ఏం తెగుతుంది? చంక అంటే ఉత్త గుంటే కదా, అందులో ఏముంటుంది?

కోడలు పుస్తకం తెరిచి చూసి చెప్పేది. చంక కూడా గుడారం లాంటిదే. దానికి నాలుగు గోడలు. ముందు గోడ ఛాతీ కండ, లోపలి గోడ పక్కటెముకలు. మధ్యలో నరాలు, రక్తనాళాలు, లింఫ్ గ్రంథులు. చేతిలోంచీ రొమ్ములోంచీ వచ్చే నీరు ఆ గ్రంథుల్లో వడకడుతుంది. అవి వాస్తే మనం బిళ్ళ కట్టిందంటాం.

"నొప్పి ఉన్న బిళ్ళ చెడ్డదా, లేనిది చెడ్డదా?" అని ఆ సోమవారం అత్తగారు అడిగింది.

నొప్పి లేనిదే ముందు చూపించుకోవాలని మేడమ్ చెప్పారని కోడలు నూనె సీసా మూత బిగిస్తూ అంది. మీ రాణికి అంత తీరికెక్కడిది, యుద్ధం మధ్యలో ఉంది అని కూడా అంది. నిజమే, యుద్ధం అవనీ అంది అత్తగారు.

మంగళవారం ట్యూటరమ్మ ఎముకలన్నీ మేజాబల్ల మీద పోసి, ఎవరికి వాళ్ళని చూసుకోమని వదిలేసింది. కోడలు కుడి ఎముకలన్నీ టకటకా వేరుచేసింది. ఎడమవి చేతిలోకి వస్తే బుర్ర ఆగిపోతోంది. చాలాసేపటికి సంగతి అర్థమైంది. రోజూ తన చేతికి అందేది అత్తగారి కుడి చెయ్యే. ఆవిడ పడుకోవడం ఎప్పుడూ కుడిపక్కకి ఒత్తిగిలే. ఎడమ చెయ్యి ఒంటికి ఆనించి, మోచెయ్యి మడిచి, పైన చెంగు కప్పుకుంటుంది. కుడి చెయ్యి తలకింద నుంచి తీసి కోడలి ఒళ్ళో పెడుతుంది. పరీక్షకు తయారైంది సగం మనిషితోనే.

ఆ సాయంత్రం స్టూలు మంచానికి అవతలి పక్కకి లాక్కుంది. ఇవాళ ఎడమ చెయ్యి ఇవ్వండి అంది.

"రెండూ ఒకటే కదే. దేవుడు రెండోది వేరే అచ్చులో పోశాడా?"

వేరే అచ్చే అత్తయ్యా, అందుకే నిన్న నవ్వులపాలయ్యాను అని కోడలు చెప్పింది. అత్తగారు చక్కిలిగిలి అంది. నూనె వాసన పడటం లేదంది. కథ మొదలుపెట్టు, తరవాత చూద్దాం అంది. కోడలు బాణం పేజీయే తీసి మొదలుపెట్టింది. రవిక చింపే చోటికి వచ్చేసరికి, సరదాకే, సేనాపతిలా గొంతు బరువుగా చేసి, చెంగు కిందకి చెయ్యి పోనిచ్చింది.

అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది. రోజూ నొప్పులని మూలిగే మనిషి పట్టు కాదది. మణికట్టులో ఎనిమిది ఎముకలూ నొక్కుకుపోయాయి.

వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. కోడలు పుస్తకం మూయలేదు, చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"సరే, చూడు. రాణికి ఎక్కడ తగిలిందో చూడు" అంది అత్తగారు చివరికి, గోడవైపు మొహం తిప్పుకుని. పట్టు వదిలింది.

కోడలు చెంగు తొలగించకుండానే వేళ్ళు పెట్టింది. ముందు గోడ. లోపలి గోడ. పక్కటెముకలకి ఆనుకుని, చిక్కుడు గింజ కంటే పెద్దది, గట్టిగా ఒకటి తగిలింది. వేలితో తోస్తే కదిలీ కదలనట్టుంది.

"నొప్పా?"

"రాణికి నొప్పి లేదు."

రొమ్ము దగ్గర కూడా ఏమైనా ఉందా అని అడగడానికి కోడలికి నోరు పెగల్లేదు. రోజూ పుస్తకంలో పైకి చదివే మాటే అది. అత్తగారే తల ఊపింది. ఉందని.

నిన్న తను నూనె సీసా మూత బిగిస్తూ ఇచ్చిన జవాబు కోడలికి గుర్తొచ్చింది. కంఠతా వచ్చిన పేజీలో ఆవిడ వెతుకుతున్నది సేనాపతిని కాదు. ప్రతి సాయంత్రం అడిగినవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. తనకే వినబడలేదు. మనతో పుట్టి మనతోనే పోయే ఒంటి గురించి ఒక మాట అడగడానికి ఇంకొకరి పేరు ఎందుకు అరువు తెచ్చుకోవాలో, ఆ సిగ్గు దేవుడిచ్చిందో మనం నేర్చుకున్నదో, కోడలికి తెలియదు. తనకూ అది ఉంది. ఇప్పుడే అడ్డుపడింది.

అత్తగారు లేచి కూర్చుని జాకెట్టు సర్దుకుని, విషయం తేల్చేసినట్టు మాట్లాడింది. నీ పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాను అంది. కిందటిసారి నా కంటి ఆపరేషనని ఆసుపత్రి వరండాలో కూర్చుని పరీక్ష పోగొట్టుకున్నావు, ఈసారి కూడా నేనే అడ్డం పడాలా అంది. అప్పటిదాకా ఆగుతుందా ఆగదా అని నిన్నే అడిగి తెలుసుకుంటున్నాను, నువ్వు చెప్పినదాన్ని బట్టి కొన్నాళ్ళకేమీ కాదనిపించింది అంది.

ఆడ డాక్టరు వచ్చేది వారానికి ఒక్కరోజు. గురువారం పొద్దున. మగ డాక్టరు దగ్గరికైతే అత్తగారు కాలు కదపదు. నోటిపరీక్ష కూడా ఆ పొద్దునే. కోడలు పరీక్ష మానేస్తానంది. మానేస్తే నేనసలు ఏ గురువారమూ రాను అని అత్తగారు అంది. అబ్బాయికి చెబుదామంటే, వాడు బస్సు వదిలేసి వచ్చి తలుపు దగ్గర స్తంభంలా నిలబడతాడు, డాక్టరు చూసేదాకా వాడి ముందు ఎత్తకు అంది.

"మరి ఎలా?"

"ఎలా ఏమిటి? నేనే వెళ్తాను. నీ ఆసుపత్రే కదా. నువ్వు ఆ గదిలోకి పో, నేను ఈ గదిలోకి పోతాను."

బుధవారం సాయంత్రం పుస్తకం తెరవలేదు. కోడలు స్టూలు మీద డాక్టరులా కూర్చుంది. అత్తగారు తలుపు దగ్గర్నుంచి నడిచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమిటమ్మా ఇబ్బంది?"

"రాణికి ఎడమ పక్కన..."

"రాణి ఎవరమ్మా? చీటీలో ఆ పేరు లేదే."

ఇద్దరికీ నవ్వొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టారు. అత్తగారు గడ్డ ఎక్కడుందో చెబుతుంది, ఎంతుందో చెబుతుంది, నొప్పి లేదని చెబుతుంది. ముందు గోడ, లోపలి గోడ అని కూడా అంటుంది. నాకు అన్న మాట మాత్రం నోటికి రాదు. ఆ ఒక్క మాట బదులు రాణి వచ్చి కూర్చుంటుంది. రాణి కాకపోతే మా వదినకి అంది ఒకసారి. మీకు వదినే లేదు కదా అత్తయ్యా అంది కోడలు.

తరవాత కోడలి వంతు. అత్తగారు వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి, ఇదేనమ్మా నీ రెక్క ఎముక, ఏ వైపుదో చెప్పు అని గద్దించింది. కోడలు కుడి అని, వెంటనే సేనాపతి అనబోయి నాలిక కరుచుకుంది. అత్తగారు అట్లకాడతో మోకాలి మీద ఒకటి వేసింది. చివరికి అట్లకాడ పక్కన పెట్టి, మంచం మీద అటు తిరిగి కూర్చుని, జాకెట్టు వెనక హుక్కు వదులు చేసి, రెండు రెక్కలూ చూసుకోమంది. కోడలు రెండు అరచేతులూ రెండు ఎముకల మీద ఆనించింది. గట్లు వెనక్కి, గుంటలు బయటికి. ఊపిరి తీసినప్పుడల్లా రెండూ కొంచెం విచ్చుకుని, మళ్ళీ దగ్గరవుతున్నాయి. నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది. చేతులు మాత్రం కాసేపు అక్కడే ఉంచింది.

గురువారం గేటు దాటాక ఇద్దరూ విడిపోయారు. పసుపు రంగు భవనం, కింది అంతస్తు, ఎడమచేతి వైపు రెండో తలుపు అని కోడలు చూపించింది. అత్తగారు చీటీ పిడికిట్లో పెట్టుకుని, గోడ ఆనుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కంటి ఆపరేషనుకి వచ్చినప్పుడు ఆవిడ కోడలి భుజం పట్టుకునే నడిచింది.

పరీక్ష గదిలో బయటి నుంచి వచ్చినావిడ మెత్తగా మాట్లాడే మనిషి. ట్యూటరమ్మ పక్కన కూర్చుని మార్కుల కాగితం చూస్తోంది. ముందు రెక్క ఎముక ఇచ్చారు. కోడలు కళ్ళు మూసుకుంది. అరచేతికి నిన్నటి వీపు తగిలింది. ఎడమ అంది. ఎందుకంటే గట్టు ఇటు, గుంట అటు అంది. ఇంకే మాటా దొర్లలేదు. మణికట్టు ఎముకలు అడిగితే, ఎనిమిది మంది కావలివాళ్ళు అనేసింది. బయటావిడ, ఎవరు వాళ్ళు అని నవ్వింది. ట్యూటరమ్మ తలెత్తి చూసింది. కోడలు సర్దుకుని ఎనిమిది పేర్లూ వరసగా చెప్పింది.

ఆ తరవాత బయటావిడ చంకలో ఉండే గ్రంథుల గురించి చెప్పమంది. అవి వేటి నుంచి వచ్చే నీటిని వడకడతాయి, వాస్తే ఏం గమనించాలి?

కోడలికి తెలిసినంత బాగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియకపోవచ్చు. నోరు తెరిచింది. కిటికీలోంచి పసుపు భవనం గోడ కనబడుతోంది. చూపుడు వేలూ బొటనవేలూ దగ్గరకు తెచ్చి, ఇంత అని చూపించబోయి, చెయ్యి దించేసింది. ట్యూటరమ్మ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"ఇది నేను క్లాసులో అడిగినప్పుడు చెప్పావు కదా" అంది ట్యూటరమ్మ. కథ ఏదైనా ఉంటే దాంతోనే చెప్పు, పరవాలేదు అని కూడా అంది, పక్కావిడ వైపు చూడకుండా.

లేదండి, దీనికి కథ లేదండి అంది కోడలు.

ఒళ్ళు బాగాలేదా అని అడిగారు. బాగానే ఉందంది. వెళ్ళమన్నారు. తలుపు దాకా ట్యూటరమ్మ వచ్చి, ఒకటి పోయింది, మిగతావన్నీ వచ్చాయి, పాస్ మార్కులు పడతాయి, వచ్చే నెల నుంచి వార్డుకి రా అని, ఆవిడ పద్ధతిలోనే, తిట్టినట్టుగా చెప్పింది. కోడలు తల ఊపి మెట్లు దిగింది. పరుగెత్తకూడదనుకుంటూనే పరుగెత్తింది.

అత్తగారు వరండాలో బెంచీ మీద, ఇద్దరు పరాయి ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. లోపలికి వెళ్ళి వచ్చేసింది కూడా. చేతిలో చీటీ కాకుండా ఇంకో కాగితం ఉంది. కోడలిని చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. ముందు నీ సంగతి చెప్పమంది. పాసయ్యానంటే, కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది. అన్నీ చెప్పావా అంటే, ఒక్కటి చెప్పలేకపోయానంది.

"ఏది?"

కోడలు చెప్పింది.

"అదేమిటే, అది నాకే వచ్చు కదా" అని అత్తగారు ఆశ్చర్యపోయింది.

తరవాత తన సంగతి చెప్పింది. సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపాలట. సోమవారం రమ్మన్నారు. అది తేలాకే ఏదైనా చెబుతారట. చంకలో ఉన్నదీ, రొమ్ములో ఉన్నదీ రెండూ చూసిందట. డాక్టరమ్మ చేతులు చల్లగా ఉన్నాయట. లోపల ఇంకో మంచం దగ్గర ఎవరో చిన్న పిల్ల నిలబడి ఉంటే, డాక్టరమ్మ ఆ పిల్లనీ ఈవిడనీ చూసి, పేషెంటు ఎవరు అని అడిగిందట.

"నువ్వేమన్నావు... మీరేమన్నారు అత్తయ్యా?"

"ఏమంటాను? చుట్టూ చూశాను. ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. నేనేనమ్మా అన్నాను. ఎడమ పక్క, నాకే అన్నాను. ఆ తరవాత అన్నీ వరసగా వచ్చేశాయి."

కోడలు ఆవిడ చేతిలోని కాగితం తీసుకుని చూసింది. సోమవారం ట్యూటరమ్మకి చెప్పి సెలవు పెడతాను, లోపలికి నేను కూడా వస్తాను, అన్నీ నేను కనుక్కుంటాను అంది.

అత్తగారు కాగితం వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"రా. వచ్చి ఇక్కడ కూర్చో. అడగాల్సినవి నేను అడుగుతాను" అంది.